ఫ్లోరైడ్ బోరు నీటికి మూడు కొటేషన్లు: ఏది నమ్మాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తరువాత చదివేవారికి ఉపయోగపడుతుంది. కనిగిరి వైపు గ్రామం, 300 కుటుంబాలు, సుమారు 1,200 మంది. ఊరి బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 3.8 మిల్లీగ్రాములు. టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పులన్నీ కలిపి) 940, క్షారత 420, కఠినత 180, నైట్రేట్ 28, పీహెచ్ 8.1. పైపులైను ద్వారా వచ్చే కాలువ నీటిలో ఫ్లోరైడ్ 0.4 మాత్రమే. అయితే అది మూడు నాలుగు రోజులకు ఒకసారి వస్తుంది, ఎండాకాలంలో ఇరవై, ఇరవై అయిదు రోజులు అసలు రాదు. ఒక దాత డబ్బు ఇస్తానన్నారు. మూడు కొటేషన్లు వచ్చాయి: గంటకు వెయ్యి లీటర్ల ఆర్‌వో ప్లాంటు, 500 కిలోల యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు, అయిదేళ్ల వరకు ముట్టుకోనవసరం లేదంటున్న 200 కిలోల 'నానో మీడియా' ఫిల్టరు. ఏది తీసుకోవాలి అని అడిగారు.

గ్రామీణ మంచినీటి పథకాల్లో నీటి నాణ్యత పని చూసి రిటైరైన వాడిని. ఇలాంటి కొటేషన్లు చాలా చదివాను. వాటిలో ముచ్చటగా అచ్చువేసే అంకె ఎప్పుడూ ఒకటే: 'ఫ్లోరైడ్ తొలగింపు 95 శాతం'. ఆ అంకె దాదాపు ఎప్పుడూ నిజమే. కొత్త యంత్రం మొదటి రోజు ఏ పద్ధతిలోనైనా అంత తీస్తుంది. కాబట్టి దాన్ని చూసి మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు.

ఫ్లోరైడ్ ఒక మూలకం తాలూకు అయాన్. సూక్ష్మజీవుల్లాగా చావదు, మరిగిస్తే ఆవిరైపోదు. నిజానికి మరిగిస్తే నీరు తగ్గి దాని గాఢత పెరుగుతుంది. నీటిలోంచి తీసినది మరో చోటికి చేరుతుంది: మీడియాలోకి (ఫిల్టరులో నింపే, ఫ్లోరైడ్‌ను పట్టే పదార్థం), బురదలోకి, లేదా వ్యర్థ నీటిలోకి. రోజుకు ఎన్ని గ్రాములు తీయాలి, అవి ఎక్కడికి చేరతాయి, అక్కడి నుంచి ఎవరు ఎత్తుతారు అన్న లెక్క వేస్తే ఏ కొటేషనైనా నిలుస్తుందో కూలుతుందో కాగితం మీదే తెలిసిపోతుంది. మీ ఊరికి ఆ లెక్క వేద్దాం.

తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు చాలు. జల్ జీవన్ మిషన్ కూడా ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఉన్న ఊళ్లలో పైపులైను వచ్చేదాకా శుద్ధి ప్లాంట్లకు ఇదే కొలత పెట్టుకుంది. వంట నీటిని వదిలేయకండి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీరు ఇగిరిపోయి ఫ్లోరైడ్ అందులోనే మిగులుతుంది. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీరు వాడితే ఫ్లోరైడ్ వల్ల ఇబ్బంది లేదు, చర్మం నుంచి అది ఒంట్లోకి పోదు. అంటే 1,200 మందికి రోజుకు 12,000 లీటర్లు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు సహిస్తారు. కాస్త వెసులుబాటు ఉండాలి కనుక 0.8 లక్ష్యంగా పెట్టుకుందాం. 3.8 నుంచి 0.8కి తేవాలంటే లీటరుకు 3 మిల్లీగ్రాములు తీయాలి. రోజుకు 36 గ్రాములు, ఏడాదికి 13 కిలోలు. ఈ 36 గ్రాములను గుర్తుపెట్టుకోండి.

ముందు నానో మీడియా సంగతి చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది. అయిదేళ్లలో తీయాల్సిన ఫ్లోరైడ్ దాదాపు 66 కిలోలు. మీడియా 200 కిలోలు. అంటే కిలో మీడియా దాదాపు 330 గ్రాముల ఫ్లోరైడ్ పట్టి ఉంచాలి. శుద్ధమైన ఫ్లోరైట్ ఖనిజాన్ని తీసుకున్నా అందులో ఫ్లోరిన్ బరువు సగం కూడా ఉండదు, 49 శాతం. ఆ ఫిల్టరు అయిదేళ్ల తరువాత సగానికి పైగా ఫ్లోరైట్ గనిగా మారిపోవాలి! ఆ కంపెనీ వారు మోసగాళ్లని నేను అనడం లేదు. ఒక ఇంటికి రోజుకు పది లీటర్లకు వేసిన లెక్కను ఊరికి అంటగట్టి ఉండవచ్చు. వారిని ఒకటే అడగండి: కిలో మీడియా, మా బోరు నీటితో, మా పీహెచ్ దగ్గర, ఎన్ని గ్రాములు పడుతుంది? జవాబు చెబితే మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు. చెప్పలేకపోతే ఆ కొటేషన్ను మడిచి పక్కన పెట్టండి.

యాక్టివేటెడ్ అల్యూమినాకు వస్తే, ఇది చాలా కాలంగా వాడుతున్న, బాగా తెలిసిన పదార్థం, అల్యూమినియం ఆక్సైడ్ గుళికలు. దాని గుణం, దోషం రెండూ లెక్కకు అందుతాయి. అది ఫ్లోరైడ్‌ను అన్నింటికంటే బాగా పట్టుకునేది పీహెచ్ 5.5, 6 మధ్య. మీ నీరు 8.1. పైగా క్షారత 420, అంటే బైకార్బొనేట్ ఎక్కువ. మన గ్రానైట్ రాళ్ల నీటిలో సిలికా కూడా ఉంటుంది. ఇవన్నీ అల్యూమినా మీద చోటు కోసం ఫ్లోరైడ్‌తో పోటీపడతాయి. అందుకే ప్రయోగశాలలో ఆమ్లం కలిపిన నీటితో వచ్చే సామర్థ్యం మన ఊళ్లలో రాదు. నీటిని ఉన్నది ఉన్నట్టుగా పంపితే కిలోకు ఒకటి నుంచి రెండు గ్రాములు అనుకోవడం క్షేమం. 1.5 తీసుకుందాం. 500 కిలోల బెడ్, అంటే ఫిల్టరులో నింపిన మొత్తం అల్యూమినా, 750 గ్రాములు పడుతుంది. రోజుకు 36 గ్రాముల చొప్పున 21 రోజులు. మీ కొటేషన్లో 'ఆరు నెలలకోసారి రీజెనరేషన్' అని ఉందన్నారు. అది ఏ నీటికి వేసిన లెక్కో వారినే అడగాలి.

రీజెనరేషన్ అంటే ఏమిటో చాలామంది కొనేటప్పుడు ఊహించరు. బెడ్‌లోకి దాదాపు ఒక శాతం కాస్టిక్ సోడా ద్రావణం పంపి ఫ్లోరైడ్‌ను కడిగేయాలి. తరువాత పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో బెడ్‌ను తటస్థం చేయాలి, తరువాత మంచినీటితో కడగాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడని రసాయనాలు ఇవి. మూడు వారాలకోసారి, నెలకు కొద్దిపాటి జీతం ఇచ్చే ఆపరేటరు ఈ పని చేస్తూ పోవాలి. మొదటి ఏడాది చేస్తారు. తరువాత ఏమవుతుందో, ఊరి చివర తుప్పు పట్టిన నీలం రంగు సిలిండర్లు ఉన్న ఊళ్లకు వెళ్తే కనిపిస్తుంది.

అల్యూమినాకు ఇంకో దోషం ఉంది. నా దృష్టిలో ఇది మరింత ప్రమాదం. మీడియా నిండిపోయాక నీరు యథాతథంగా, 3.8తోనే బయటికి వస్తుంది. రుచి మారదు, రంగు మారదు, వాసన రాదు, ప్రవాహం తగ్గదు. ఊరంతా శుద్ధి చేసిన నీరే తాగుతున్నామన్న ధీమాతో బోరు నీరు తాగుతుంటారు. ఆర్‌వోలో ఈ ఇబ్బంది తక్కువ. నీటిని వడగట్టే పొర పాడైతే ఫ్లోరైడ్‌తో పాటు ఉప్పులన్నీ దాటి వస్తాయి, నీటి రుచి మళ్లీ బోరు నీటిలా మారుతుంది, టీడీఎస్ పెన్ను పెట్టగానే తెలిసిపోతుంది. ఈ పెన్ను గురించి ఒక మాట. అల్యూమినా నీటిలో పెన్ను ముంచి 'చూడండి, నీరు బాగుంది' అని ఎవరైనా చూపిస్తే నమ్మకండి. అల్యూమినా టీడీఎస్‌ను తగ్గించదు, ఆ పెన్నుకు ఫ్లోరైడ్ కనిపించదు. ఏ శుద్ధి పద్ధతిని తూచేటప్పుడైనా 'ఇది చెడిపోతే మాకు ఎలా తెలుస్తుంది?' అన్న ప్రశ్నను ధర కంటే ముందు అడగమంటాను.

ఇక ఆర్‌వో. మన ఊళ్లలో ఇరవై లీటర్ల క్యాన్ల పుణ్యమా అని ఇది అందరికీ తెలిసిన యంత్రమే. ఫ్లోరైడ్ తొంభై శాతం పైనే తీస్తుంది, నైట్రేట్‌ను కూడా చాలావరకు తగ్గిస్తుంది, బాగుచేసే మనిషి పక్క పట్టణంలో దొరుకుతాడు. లెక్క ఎక్కడ తేడా వస్తుందంటే వ్యర్థ నీటి దగ్గర. ఊరి స్థాయి ప్లాంట్లలో లోపలికి వెళ్లిన నీటిలో 40 శాతం మంచినీరుగా రావడం మామూలు. 12,000 లీటర్లు కావాలంటే 30,000 తోడాలి, 18,000 బయటికి పోతుంది. మంచినీటిలో 0.3 మిగిలిందనుకుంటే, ఆ 18,000 లీటర్లలో ఫ్లోరైడ్ 6.1, టీడీఎస్ 1,500 పైన. రోజూ. ఇది మురుగు కాలువలోకి వెళ్లి చెరువులో కలుస్తుందా, ప్లాంటు వెనక ఇంకుడుగుంతలోకి వెళ్లి మళ్లీ అదే బోరులోకి దిగుతుందా? నేను చూసినవాటిలో ఇంకుడుగుంతలే ఎక్కువ. ఫ్లోరైడ్ నీటిని ఇంకుడుగుంతలోకి పంపి 'జల సంరక్షణ' అని బోర్డు పెట్టిన చోటు కూడా ఉంది. ఈ నీటిని మరుగుదొడ్లకు, రోడ్లు తడపడానికి, ఇటుకల పనికి వాడుకోవచ్చు. పశువుల తొట్టిలో పోయవద్దు, పశువులకూ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) వస్తుంది.

ఆర్‌వో వారు చెప్పని సులువు ఒకటుంది. 0.3 ఫ్లోరైడ్, 60 టీడీఎస్ ఉన్న నీటిని అలాగే ఇవ్వనక్కర్లేదు. ఇసుక ఫిల్టరు దాటిన బోరు నీటిని 15 శాతం కలిపితే ఫ్లోరైడ్ 0.8, టీడీఎస్ 190 దగ్గర ఉంటుంది. నీటికి రుచి వస్తుంది, కాస్త క్యాల్షియం మిగులుతుంది, తోడాల్సింది 30,000 నుంచి 27,300కు తగ్గుతుంది, వ్యర్థం 15,300కు దిగుతుంది. ఫ్లోరైడ్ ఊళ్లలో ఒంటికి క్యాల్షియం అవసరం మరీ ఎక్కువ, దాన్ని పూర్తిగా వడగట్టేసి మళ్లీ 'మినరల్స్ కలుపుతాం' అని గుళికలు అమ్మడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. కలిపే నీటిలో సూక్ష్మజీవులు ఉండకూడదు కనుక క్లోరిన్ తప్పనిసరి. కలిపే వాల్వును ఒకసారి సరిచేసి తాళం వేయాలి, లేకపోతే రద్దీ ఉన్న రోజు ఎవరో ఒకరు దాన్ని ఇంకాస్త తిప్పుతారు.

మీరు అడగలేదు కానీ చదివేవారు అడుగుతారు: మన పేరు మీదే నల్గొండ పద్ధతి ఉంది కదా, అది ఏమైంది? నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడకట్టడం. పటిక ఎక్కడైనా దొరుకుతుంది, కరెంటు పెద్దగా అక్కర్లేదు. కానీ పటిక మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు క్షారత మీద కూడా ఆధారపడుతుంది. మీ 420 క్షారతకు లీటరుకు అయిదారు వందల మిల్లీగ్రాములు వేయాల్సి వస్తుంది. 600 అనుకుంటే అందులోంచి సల్ఫేట్ 260 నుంచి 290 మిల్లీగ్రాములు నీటిలో చేరుతుంది. సల్ఫేట్‌కు ప్రమాణం 200, వేరే వనరు లేకపోతే 400. ఒక దోషం తీసి ఇంకోదాన్ని అంచు దాకా తెచ్చుకున్నట్టే. మోతాదు తప్పితే అల్యూమినియం మిగులుతుంది, దాని పరిమితి చాలా తక్కువ, 0.03, గరిష్ఠంగా 0.2. పైగా రోజుకు ఏడు కిలోల పటిక తాలూకు బురద. ఫ్లోరైడ్ 2 చుట్టుపక్కల ఉండి, జాగ్రత్తగా చేసే ఇల్లాలు ఉన్న ఇంట్లో బకెట్ స్థాయిలో ఇది ఇప్పటికీ పనికొస్తుంది. మీ నీటికి ఊరి స్థాయిలో నేను సిఫారసు చేయను. అల్యూమినియం పలకలతో చేసే విద్యుత్ పద్ధతిలో సల్ఫేట్ బాధ లేదు కానీ పలకల మీద పొర కట్టడం, బురద రెండూ ఉన్నాయి. బొమికల బొగ్గు ఫిల్టర్లను కెన్యాలోని నకురు ప్రాంతంలో చర్చి ఆధ్వర్యంలో చాలా కాలం నడిపారు, పని చేస్తాయి కూడా. మన దగ్గర ఆ మాట ఎత్తగానే సభ ముగుస్తుంది.

ఇంకొందరు 'భూగర్భాన్నే శుభ్రం చేయలేమా' అంటారు. పరిశ్రమల వ్యర్థాలతో చెడిన పటాన్‌చెరు లాంటి చోట్ల ఆ ప్రశ్నకు అర్థం ఉంది, ఎందుకంటే అక్కడ పారబోసిన చేయి ఉంది, దాన్ని ఆపవచ్చు. మీ దగ్గర ఫ్లోరైడ్ రాయిలోనే ఉంది. గ్రానైట్‌లోని ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాల నుంచి అది కరిగి వస్తుంది. క్షారత ఎక్కువై క్యాల్షియం సున్నపురాయిగా పేరుకుపోయే నీటిలో ఇంకా ఎక్కువ కరుగుతుంది. 1937లో షార్ట్, ఆయన సహచరులైన వైద్యులు ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో మొదటిసారి రాసింది నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే, మీ కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. అప్పటికి పురుగుమందులూ లేవు, ఫ్యాక్టరీలూ లేవు. తోడి శుద్ధి చేసి తిరిగి పోసినా రాయి మళ్లీ ఇస్తూనే ఉంటుంది. చెక్‌డ్యామ్ పక్కన తక్కువ లోతు బావిలో వాన నీరు కలిసి ఫ్లోరైడ్ తగ్గడం నిజమే, ఆ బావి ఉంటే వదులుకోకండి. ఇంకా లోతుకు బోరు వేయిస్తే మంచినీరు పడుతుందనే ఆశ మాత్రం పెట్టుకోవద్దు, సాధారణంగా అందుకు విరుద్ధంగానే జరుగుతుంది.

ఇక అసలు సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నింటికంటే విలువైన వాక్యం కొటేషన్ల గురించి లేదు. 'పైపులైను నీరు వచ్చిన రోజు బోరు నీటితో కలిపి ఒకే ట్యాంకుకు ఎక్కిస్తాం' అని రాశారు. 0.4 నీటిని, 3.8 నీటిని సగం సగం కలిపితే 2.1. అంటే ఏడాదిలో పదకొండు నెలలు మీ ఊరికి వస్తున్న మంచినీటిని మీ ట్యాంకే చెడగొడుతోంది. తాగే నీరు రోజుకు 12,000 లీటర్లు. పైపులైను నాలుగు రోజులకోసారి వచ్చినా మధ్యలో కావలసింది 48,000 లీటర్లు. 50,000 లీటర్ల మూత ఉన్న సంపు ఒకటి విడిగా కట్టి, అందులోకి పైపులైను నీరు మాత్రమే పోనిచ్చి, అక్కడి నుంచి నాలుగైదు కుళాయిలు పెట్టండి. ఓవర్‌హెడ్ ట్యాంకు, ఇంటింటి కుళాయిలు వాడుక నీటికి అలాగే ఉండనివ్వండి. కలిపే యంత్రం లేదు, మీడియా లేదు, పొర లేదు. నిల్వ నీటిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలేలా చూసుకుంటే చాలు. నీరు ఒక రోజు ఆలస్యమైతే అయిదు పాళ్ల పైపులైను నీటికి ఒక పాలు బోరు నీరు కలిపినా 0.97 దగ్గర ఆగుతుంది. అంతకు మించి కలపకండి.

దాతకు ఇది నచ్చకపోవచ్చు. సంపు ముందు ఫొటో ఆర్‌వో ప్లాంటు ముందు ఫొటో లాగా రాదు. అయినా ఆయనకు ఈ లెక్క చూపించండి.

మిగిలింది ఎండాకాలంలోని ఆ ఇరవై, ఇరవై అయిదు రోజులు. అప్పుడు ఏదో ఒక యంత్రం కావాలి. ఇక్కడ కొటేషన్ల బలాబలాలు తారుమారవుతాయి. రోజూ నడిపే యంత్రంగా నేను ఆర్‌వో వైపు మొగ్గేవాడిని. ఏడాదికి నెల కూడా నడవని యంత్రంగా అది సరిపోదు. వాడకుండా వదిలేస్తే పొరల మీద సూక్ష్మజీవులు పేరుకుంటాయి. రోజూ కాసేపు నడపాలి, లేదా సోడియం బైసల్ఫైట్ ద్రావణంలో నిల్వ ఉంచాలి. పైగా బోరు సన్నగిల్లే మే నెలలోనే రోజుకు 25,000 లీటర్లకు పైగా తోడమంటుంది. అల్యూమినా బెడ్‌కు అయితే వ్యర్థ నీరు రోజూ లేదు, 12,000 తోడితే 12,000 వస్తుంది. 500 కిలోల బెడ్ 21 రోజులు వస్తుందని చూశాం. అంటే ఏడాదికి ఒక్క రీజెనరేషన్. మూడు వారాలకోసారి భరించలేని పని ఏడాదికి ఒకసారి అయితే కంపెనీ మనుషులే వచ్చి చేసి వెళ్లేలా ఒప్పందం రాసుకోవచ్చు. ఆపరేటరు రసాయనాలు ముట్టుకోనే అక్కర్లేదు.

నిండిపోయింది తెలియదనే దోషానికి మందు నీటి మీటరు. బెడ్ ముందు ఒక మీటరు పెట్టండి. లెక్క ప్రకారం 2,50,000 లీటర్లకు నిండుతుంది. 2,00,000 దగ్గర ఆపేయండి. ఆపై నీరు కావాలంటే వరుసగా రెండో సిలిండరు పెట్టి, మొదటి దాని నుంచి వచ్చే నీటిని రెండో దానిలోకి పంపండి, మొదటిది జారవిడిచింది రెండోది పట్టుకుంటుంది. పైపులైను మామూలయ్యాక నీటిని కింది నుంచి పైకి పంపి బెడ్‌ను కడిగి, మళ్లీ వాడే ముందు క్లోరిన్ నీటితో శుభ్రం చేయాలి. రీజెనరేషన్ నీరు అయిదారు వేల లీటర్లు అవుతుంది, అందులో ఫ్లోరైడ్ లీటరుకు 130 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. సున్నం వేస్తే చాలావరకు క్యాల్షియం ఫ్లోరైడ్‌గా కిందికి దిగుతుంది, పూర్తిగా కాదు. మందమైన ప్లాస్టిక్ పరిచిన 30 చదరపు మీటర్ల గుంటలో 20 సెంటీమీటర్ల లోతున నిలబెడితే మే ఎండకు ఆరిపోతుంది. వానలు పడకముందే ఈ పని ముగించాలి. గుంట చుట్టూ కంచె ఉండాలి, మేకలు రాకుండా. ఎండిన పొడిని కంపెనీ తీసుకుపోవాలని ఒప్పందంలో రాయించండి.

ఒప్పందం అన్నాను కనుక కొన్ని మాటలు. డబ్బంతా బిగించిన రోజే ఇచ్చేయకండి. మూడో వంతైనా మొదటి ఎండాకాలం గడిచాక, బయటి ప్రయోగశాల ఫలితం చూశాక ఇచ్చేలా పెట్టండి. హామీ 'తొంభై అయిదు శాతం తొలగింపు' అని ఉండకూడదు, 'మీటరు 2,00,000 లీటర్లు చూపేదాకా ఫ్లోరైడ్ 1.0 దాటదు' అని ఉండాలి. కంపెనీ వారు మూడేళ్ల కిందట పెట్టిన ప్లాంటు చిరునామా అడగండి, చెప్పకుండా వెళ్లండి, మీ సీసాలో మీరే నీరు పట్టుకోండి. అక్కడి లాగ్‌బుక్‌లో రీజెనరేషన్ తేదీలు ఉన్నాయో లేదో చూడండి. కొత్త ప్లాంటు ఎంత చూసినా ఏమీ చెప్పదు.

ఇంకా మంచిది, కొనేముందు వారి మీడియా ఒక కిలో తెచ్చుకోండి. పీవీసీ పైపులో నింపి మీ బోరు నీటిని, పెద్ద ఫిల్టరులో ఎంతసేపు మీడియాను తాకుతుందో అంతే సేపు తాకేలా నెమ్మదిగా పంపండి. మీ విషయంలో అది ఇరవై నిమిషాల పైన. కిలోకు 1.5 గ్రాముల సామర్థ్యం నిజమైతే సుమారు 500 లీటర్ల దగ్గర ఫిల్టరు చేతులెత్తేస్తుంది. రోజుకు 50 లీటర్ల చొప్పున పది రోజుల పని. ప్రతి 50 లీటర్లకు ఒక నమూనా తీసి, ఏ లీటరు దగ్గర 1.0 దాటిందో చూడండి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు ఇస్తే సంతోషంగా చేస్తారు. 300 లీటర్లకే దాటితే నా పై లెక్కలన్నీ ఆ మేరకు తగ్గించుకోండి.

పరీక్ష ఎలా చేయించాలో తెలియకపోతే ఇంత శ్రమా వృథా. నమూనా ప్లాస్టిక్ సీసాలో తీయండి, గాజు వద్దు. ఊళ్లో ఉన్న రంగు మారే కిట్టు రోజువారీ చూపుకు బాగుంటుంది, కానీ ఒప్పందానికి అది సాక్ష్యం కాదు. స్పాడ్న్స్ అనే రంగు పద్ధతికి ఒక బలహీనత ఉంది: నీటిలో అల్యూమినియం మిగిలి ఉంటే అది ఫ్లోరైడ్‌ను కట్టిపడేసి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అల్యూమినాతోనో పటికతోనో శుద్ధి చేసిన నీటికే ఇది తగులుతుంది. అంటే ఎక్కడ నిజం తెలియాలో అక్కడే అబద్ధం చెబుతుంది. కాబట్టి ప్రయోగశాలకు 'అయాన్ ఎలక్ట్రోడుతో, టిసాబ్ కలిపి చేయండి' అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ద్రావణం అల్యూమినియం చేతిలోంచి ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. అదే నీటికి అల్యూమినియం కూడా చూపించమనండి.

మీరు పంపిన రిపోర్టు మీద తేదీ అక్టోబరుది. వానలయ్యాక తీసిన నమూనా అది. మీరు యంత్రం నడపబోయేది మే నెలలో, అప్పుడు బోరు నీరు వేరుగా ఉంటుంది. సంపు పని ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు. ఫిల్టరు ఆర్డరు మాత్రం ఎండాకాలపు నమూనా వచ్చేదాకా ఆపండి. ఫ్లోరైడ్ అయిదుకు పెరిగితే 500 కిలోల బెడ్ 15 రోజులకే సరిపోతుంది, రెండో సిలిండరు మొదటి నుంచే కావాలి. నైట్రేట్ 45 దాటితే అల్యూమినా పనికిరాదు, నైట్రేట్‌ను అది తీయదు, ఆ ప్రమాణానికి సడలింపు కూడా లేదు. అప్పుడు ఆర్‌వోనే తీసుకుని, రోజూ గంట నడిపి ఆ నీటిని బడికి, అంగన్‌వాడీకి ఇచ్చే ఏర్పాటు చేసుకోవాల్సి ఉంటుంది. ఆ రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, లెక్క మళ్లీ వేసి చెబుతాను.